భూగర్భ రైలు స్టేషనులు - ప్రయాణికుల లెక్కలు

మహానగరములలో భూమి క్రింద సొరంగములలో నడచు రైళ్ళు నేడు ప్రపంచమున అనేక దేశములలో ఉన్నవి. వానిలో ఏ స్టేషనులో జనసమ్మర్దము ఎక్కువ, ఏ స్టేషనులో తక్కువ అను ప్రశ్న కేవలము వినోదమునకు వేయునది కాదు. క్రొత్త మెట్లు ఎక్కడ కట్టవలెను, ఏ మార్గమున బండ్లను పెంచవలెను, ఏ స్టేషనును మూసివేయవచ్చును అను నిర్ణయములకు ఈ లెక్కలే ఆధారము.

2019వ సంవత్సరపు రెండు సంఖ్యలను తీసికొందము. లండను భూగర్భ రైల్వేలో ఆ యేడు ప్రథమ స్థానము కింగ్స్ క్రాస్ సెయింట్ పాంక్రస్ స్టేషనుది. అక్కడ నమోదైన సంఖ్య సుమారు 8 కోట్ల 80 లక్షలు. న్యూయార్కులో ప్రథమ స్థానము టైమ్స్ స్క్వేర్ స్టేషనుది. అక్కడి సంఖ్య సుమారు 6 కోట్ల 50 లక్షలు. ఈ రెంటిలో జనసమ్మర్దము దేనిలో ఎక్కువ? సంఖ్యలను పోల్చుట నేర్చిన ఏ బాలుడైనను లండను స్టేషనులోనే అని చెప్పును. కాని ఆ జవాబు సరియైనది కాదు. కారణము తెలిసికొనవలెనన్న, ఈ లెక్క ఎట్లు పుట్టినదో కొంత చరిత్ర చూడవలెను.

అట్ట టిక్కెట్టు నేర్పిన లెక్క

ప్రపంచములో మొదటి భూగర్భ రైలుమార్గము 1863 జనవరి 10వ తేదీన లండనులో ప్రారంభమైనది. దాని పేరు మెట్రోపాలిటన్ రైల్వే. పాడింగ్టను నుండి ఫారింగ్డను వరకు సుమారు 6 కిలోమీటర్ల దూరము ఆవిరి యంత్రములే బండ్లను లాగినవి. మొదటి సంవత్సరములో సుమారు 95 లక్షల మంది ప్రయాణము చేసిరి.

ద్వారముల వద్ద లెక్కించు యంత్రములు లేని ఆ రోజులలో ఈ సంఖ్య ఎట్లు తెలిసినది? టిక్కెట్ల వలన. 1830వ దశకములో థామస్ ఎడ్మండ్‌సన్ అను ఇంగ్లీషు స్టేషను ఉద్యోగి ఒక మంచి పద్ధతిని కనిపెట్టెను. అంతకు ముందు ప్రతి ప్రయాణికునకు కాగితముపై చేతితో వ్రాసి ఇచ్చెడివారు. ఎడ్మండ్‌సన్ చిన్న అట్టముక్కలపై వరుస సంఖ్యలను ముందుగానే ముద్రింపించెను. ఒక్కొక్క గమ్యమునకు ఒక్కొక్క దొంతర. ఉదయమున దొంతరలో పైనున్న టిక్కెట్టు సంఖ్య 2,150, రాత్రికి పైనున్నది 2,490 అయినచో, ఆ రోజు ఆ గమ్యమునకు 340 టిక్కెట్లు అమ్ముడైనవన్నమాట. ఒక తీసివేతతో లెక్క తేలును. కంప్యూటరు టిక్కెట్లు రాకముందు మన దేశములో రైలెక్కిన వారందరును చేతబట్టిన మందపు అట్ట టిక్కెట్టు ఇదియే.

అయితే ఈ లెక్కలో ఒక చిక్కు కలదు. పోయిరావడానికి కొన్న టిక్కెట్టు ఒకటే, ప్రయాణములు రెండు. సీజను టిక్కెట్టు కొన్నవాడు దానితో ఎన్నిసార్లు తిరిగెనో టిక్కెట్టు చెప్పదు. కనుక అతడు రోజుకు ఇన్నిసార్లు ప్రయాణము చేయునని అనుకొని గుణించవలెను. మొదటి నుండియు ప్రయాణికుల సంఖ్యలో లెక్కించిన భాగము కొంత, ఊహించిన భాగము కొంత.

ఒకే ఛార్జీ, ఒకే ద్వారము

1900 జూలైలో లండనులో సెంట్రల్ లండన్ రైల్వే ప్రారంభమైనది. ఎంత దూరము పోయినను 2 పెన్నీలే ఛార్జీ. లోనికి పోవునపుడు టిక్కెట్టును ఒక పెట్టెలో వేసిన చాలును. దిగినచోట అడుగువారు లేరు. ఈ పద్ధతి ఎక్కువ కాలము నిలువలేదు. 1907లో ఆ కంపెనీ దూరమును బట్టి ఛార్జీ వసూలు చేయ మొదలుపెట్టెను.

న్యూయార్కు దీనికి భిన్నమైన దారి పట్టెను. అక్కడ భూగర్భ రైలు 1904 అక్టోబరు 27వ తేదీన ప్రారంభమైనది. ఛార్జీ 5 సెంట్లు. ఒక స్టేషను దూరము పోయినను, నగరము ఈ చివర నుండి ఆ చివరకు పోయినను అంతే. ఈ ఛార్జీ 1948 వరకు, అనగా 44 సంవత్సరములు, మారలేదు.

మొదట టిక్కెట్టు కొని ద్వారము వద్దనున్న ఉద్యోగి పెట్టెలో వేయవలసి యుండెను. 1920వ దశకములో నాణెము వేయగానే ఒక మనిషిని మాత్రము లోనికి పోనిచ్చు తిరుగుడు కడ్డీల ద్వారములు వచ్చినవి. వీనిని టర్న్‌స్టైళ్ళు అందురు. కడ్డీ ఒకసారి తిరిగిన యంత్రములోని అంకె ఒకటి పెరుగును. ఆ విధముగా కాపలా కాయు ద్వారమే లెక్క వ్రాయు గుమాస్తా కూడ అయినది. 1953లో ఛార్జీ 15 సెంట్లకు పెరిగినది. ఆ వెలకు సరిపోవు నాణెము ఒక్కటియు లేదు. కావున అప్పటి నుండి లోహపు బిళ్లలు అమ్మిరి. ఈ బిళ్లలు 2003 వరకు చెల్లినవి.

ఇక్కడ ముఖ్య విషయము ఒకటి గమనింపవలెను. అంతటను ఒకే ఛార్జీ యున్నపుడు ప్రయాణికుడు ఎక్కడ దిగెనో తెలిసికొను అవసరము లేదు. కనుక న్యూయార్కు ద్వారములు లోనికి వచ్చువారిని మాత్రమే లెక్కించినవి. లండనులో ఛార్జీ దూరమును బట్టి మారును. కనుక ఎక్కునపుడును దిగునపుడును టిక్కెట్టు చూపవలెను. ద్వారములలో యంత్రములు వచ్చిన పిమ్మట ప్రవేశము, నిష్క్రమణము రెండును లెక్కకు వచ్చినవి. లెక్కించు పద్ధతిని నిర్ణయించినవాడు గణితవేత్త కాడు; ఛార్జీ నిర్ణయించిన కంపెనీవాడు.

పోలికలోని మూడు చిక్కులు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వత్తము. కింగ్స్ క్రాస్ వారి 8 కోట్ల 80 లక్షలలో లోనికి పోయినవారు, వెలుపలికి వచ్చినవారు ఇరువురును కలరు. టైమ్స్ స్క్వేర్ వారి 6 కోట్ల 50 లక్షలు లోనికి పోయినవారు మాత్రమే. లోనికి పోయినంతమంది వెలుపలికి వచ్చిరని అనుకొన్నచో టైమ్స్ స్క్వేర్ సంఖ్య 13 కోట్లగును. అప్పుడు వరుస తారుమారగును. ఉదయమున వచ్చినవారు సాయంత్రము అక్కడి నుండియే తిరిగి పోవుట సహజము కనుక ఈ ఊహ చాలవరకు సరిపోవును. కాని ఇది ఊహయే యని మరువరాదు.

ఒకే నగరములో, ఒకే స్టేషనులో కూడ ఈ చిక్కు రావచ్చును. టోక్యోలోని షింజుకు స్టేషనును అనేక రైల్వే కంపెనీలు వాడుకొనుచున్నవి. వానిలో తూర్పు జపాను రైల్వే ఎక్కినవారి సంఖ్యను మాత్రమే ప్రకటించును. టోక్యో మెట్రో ఎక్కినవారిని, దిగినవారిని కలిపి ప్రకటించును. ఈ సంఖ్యలను ప్రక్కప్రక్కన వ్రాసి పోల్చినచో ఫలితము తప్పగును.

రెండవ చిక్కు: స్టేషను అనగా ఏమి? న్యూయార్కులో 472 స్టేషనులున్నవని చెప్పుదురు. భూగర్భ దారులతో కలిసియున్న వానిని ఒకటిగా లెక్కించినచో 420 పైచిలుకు మాత్రమే తేలును. పోటీ కంపెనీలును, నగర ప్రభుత్వమును వేరువేరుగా మార్గములు కట్టుటయే దీనికి కారణము. 1940లో ఆ మార్గములన్నియు నగరము క్రిందికి వచ్చినవి. తరువాత దగ్గర దగ్గరగా ఉన్న స్టేషనులను కలుపుచు వచ్చిరి. టైమ్స్ స్క్వేర్ అట్టి కూడలియే. దాని ప్రథమ స్థానములో కొంత భాగము ఈ కలయిక వలన వచ్చినది.

మూడవది అన్నిటికంటె కష్టమైనది. ఒక బండి దిగి మరియొక బండి ఎక్కువాడు ఏ ద్వారమును దాటడు. అతడు మెట్లెక్కును, ప్లాట్‌ఫారముపై నిలుచును, గుంపులో త్రోసికొనును. కాని లెక్కలో అతడు లేడు. లండనులో ఇట్టివారి కొరకు ప్రశ్నపత్రములు పంచి సమాచారము సేకరించెడివారు. 2016 నవంబరు, డిసెంబరు నెలలలో మరియొక ప్రయోగము చేసిరి. 54 స్టేషనులలో ప్రయాణికుల ఫోనులు వైఫై యంత్రములకు పంపు సంకేతములను, వ్యక్తుల గుర్తింపు తెలియకుండ, నమోదు చేసిరి. కింగ్స్ క్రాస్ నుండి వాటర్లూ పోవుటకు జనులు కనీసము 18 వేరువేరు దారులను వాడుచున్నారని తేలినది. ద్వారముల లెక్క ఎంత కచ్చితమైనను ఈ సంగతి చెప్పలేదు.

చిన్న సంఖ్యల కథ

పెద్ద సంఖ్యలలోని పొరపాటు వాదనతో ముగియును. చిన్న సంఖ్యలలోని పొరపాటు వలన ఒక స్టేషనే మూతపడవచ్చును.

న్యూయార్కులో 1904లో మొదట తెరచిన స్టేషనులలో సిటీ హాల్ ఒకటి. పెంకుపలకల కమానులతో, రంగు అద్దాలతో దానిని అందముగా కట్టిరి. 1945 నాటికి అక్కడ రోజుకు సుమారు 600 మంది మాత్రమే ఎక్కుచుండిరి. ఆ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన దానిని మూసివేసిరి. ఆ స్టేషనులో పట్టాలు గట్టిగా వంపు తిరిగి యున్నవి. క్రొత్తగా వచ్చిన పొడుగు బండ్ల నడిమి తలుపులకును ప్లాట్‌ఫారమునకును మధ్య ప్రమాదకరమైన సందు ఏర్పడెను. పైగా నాలుగు అడుగుల దూరములో బ్రూక్లిన్ బ్రిడ్జి స్టేషను కలదు. అక్కడ ఎక్కువ బండ్లు ఆగును. ఇక్కడ సంఖ్యయు కారణములును ఏకీభవించినవి.

లండనులోని ఆల్డ్‌విచ్ స్టేషను కథ ఇంత సులభమైనది కాదు. 1907లో తెరచిన ఈ స్టేషను హోబర్న్ నుండి చీలిన చిన్న శాఖకు చివర నున్నది. 1994 సెప్టెంబరు 30వ తేదీన దానిని మూసివేసిరి. అప్పటికి రోజుకు సుమారు 450 మంది వచ్చుచుండిరి. పాతబడిన లిఫ్టులను మార్చుటకు 30 లక్షల పౌనులు కావలసి వచ్చినది. ఇంత కొద్దిమందికి అంత ఖర్చా యని అడుగుట న్యాయమే. కాని 1962 నుండియు అక్కడ బండ్లు ఉదయము, సాయంత్రము రద్దీ వేళలలో మాత్రమే నడచినవి. మధ్యాహ్నము రావలెననుకొన్నవాడు ఎట్లు లెక్కలోనికి వచ్చును? జనము తక్కువ కనుక బండ్లు తగ్గించిరి. బండ్లు తగ్గిన కొలది జనమును తగ్గును. అట్టి చోట సంఖ్య అవసరమును కొలుచుట లేదు. ఇచ్చిన సౌకర్యమునే కొలుచుచున్నది. రెండవ ప్రపంచ యుద్ధములో ఆ స్టేషను బాంబుల నుండి వేలమందికి ఆశ్రయమిచ్చెను. బ్రిటిష్ మ్యూజియములోని అమూల్య వస్తువులను దాని సొరంగములో దాచిరి. ఈ ఉపయోగము ఏ టిక్కెట్టు లెక్కలోనికిని రాలేదు.

కార్డులు చెప్పు సంగతులు

1990వ దశకములో న్యూయార్కుకును, 2003లో లండనుకును విద్యుత్ కార్డులు వచ్చినవి. కార్డునకు ఒక సంఖ్య యుండును కనుక అది ఒక రోజులో ఎక్కడెక్కడ వాడబడినదో తెలియును. దీనితో న్యూయార్కు వారు తమ పాత లోటును తీర్చుకొను ఉపాయము కనుగొనిరి. ఉదయము బ్రూక్లిన్‌లో వాడిన కార్డు సాయంత్రము టైమ్స్ స్క్వేర్‌లో వాడబడినచో, ఉదయము ఆ మనిషి టైమ్స్ స్క్వేర్ దగ్గరనే దిగియుండునని ఊహింతురు. రాత్రి చివరి ప్రయాణము అతడు ఉదయము బయలుదేరిన చోటనే ముగిసినదని అనుకొందురు. ఈ విధముగా దిగినవారిని లెక్కించని ద్వారముల నుండియే దిగినచోటులు తెలియుచున్నవి.

2020లో కోవిడ్ వ్యాధి వచ్చినపుడు న్యూయార్కులో సంవత్సరపు ప్రయాణములు సుమారు 170 కోట్ల నుండి 64 కోట్లకు పడిపోయినవి. తగ్గుదల అన్ని స్టేషనులలో ఒకే విధముగా లేదు. కార్యాలయములున్న నడిబొడ్డున ఎక్కువగాను, ఇంటి నుండి పని చేయ వీలులేని శ్రామికులు నివసించు పేటలలో తక్కువగాను ఉండెను. మొత్తము సంఖ్య చూపని విషయమును స్టేషనుల పోలిక చూపినది.

హైదరాబాదులో 2017 నవంబరులో మెట్రో రైలు ప్రారంభమైనది. అది సొరంగములో గాక స్తంభములపై నడచును. అయినను లెక్క సమస్య అదియే. మియాపూరు నుండి హైటెక్ సిటీకి పోవు విద్యార్థి అమీర్‌పేటలో బండి మారును. అతడు అక్కడ ద్వారము దాటడు గనుక ద్వారముల లెక్కలో అమీర్‌పేటకు చేరడు. కాని అక్కడి మెట్ల మీది రద్దీలో అతడును ఒకడు.

ఏ పట్టికను చూచినను విద్యార్థులు మూడు ప్రశ్నలు వేయవలెను: ఏమి లెక్కించిరి? ఎక్కడ నిలిచి లెక్కించిరి? లెక్కకు అందనివారు ఎవరు? ఈ మూడింటికి జవాబు దొరికిన తరువాతనే ఏది పెద్ద, ఏది చిన్న అని చెప్పుటకు వీలగును.