కన్ను కొంటుంది, నాలుక తింటుంది

రావులపాలెం గెలల మార్కెట్టుకి పొద్దున్నే వెళ్ళి చూడండి. సైకిలుకి అటు రెండు, ఇటు రెండు, వెనక కేరియర్ మీద ఇంకో రెండు గెలలు కట్టుకుని, తొక్కడానికి వీల్లేక నడిపించుకుంటూ వస్తుంటారు రైతులు. అక్కడ కొనేవాడు కాయ రుచి చూడడు. పచ్చికాయ రుచేం చూస్తాడు! గెల చుట్టూ ఒకసారి తిరుగుతాడు. కాయ పలకలు పోయి గుండ్రంగా నిండిందా, తొక్క మీద మచ్చ వుందా, అత్తాలు ఒత్తుగా వున్నాయా, అంతే. కంటితో తూచి ధర చెప్పేస్తాడు. ఆ గెల లారీ ఎక్కి ఒడిశాకో బీహారుకో పోతుంది. అక్కడ దాన్ని తినబోయే ఇల్లాలు కూడా ముందు చూసేది తొక్క రంగే. తోటకీ నోటికీ మధ్య ఇన్ని వందల మైళ్ళు వుంటే, అంతదూరమూ ఆ పండు తరఫున మాట్లాడేది దాని పైరంగు ఒక్కటే.

ఇది ఇవ్వాళ్టి సంగతి కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో నీళ్ళకి లోటు తీరింది. తర్వాత రోడ్లూ వంతెనలూ వచ్చాయి. ఇంటి పెరటి అరటి కాస్తా ఊళ్ళు దాటే సరుకైంది. పెరట్లో పండే పండుకి అందంతో పనిలేదు. ముక్కుకి వాసన తగిలితే పండిందని తెలుసు. మచ్చలు పడ్డ పండే తియ్యనిదని పిల్లలక్కూడా తెలుసు. పిండి చక్కెరగా మారాకనే కదా ఆ మచ్చలు పడేది. బజారులో మాత్రం మచ్చల పండు ముందు అయిదు నిమిషాలు నిలబడండి, ఎంతమంది పక్కకి తోసేస్తారో లెక్కపెట్టుకోవచ్చు!

అమృతపాణి గతి చూడండి. పేరుకి తగ్గ పండు. సన్నని తొక్క, కమ్మని వాసన. కానీ పండితే గెలనించి రాలిపోతుంది, ప్రయాణానికి ఓర్చదు, పైగా దానికి వడలు తెగులు. కర్పూర చక్కెరకేళీ గట్టి పిండం. కుదుపులకి తట్టుకుంటుంది, చేరిన చోట కూడా చూడముచ్చటగా వుంటుంది. లారీల కాలంలో ఏది నిలుస్తుందో చెప్పక్కర్లేదు. తెగులు సగం చంపితే మిగతా సగం మన కళ్ళు చంపాయనే నేనంటాను.

గెల మాగబెట్టడానికి పూర్వం ఒక పద్ధతి వుండేది. గదిలో గెలలు పేర్చి, ఓ మూల పిడకల పొగ వేసి, తలుపు సందులు మూసేసేవారు. పొగలో ఎథిలిన్ అనే వాయువు వుంటుందని వాళ్ళకి తెలీదు, పండుతుందని తెలుసు. ఎథిలిన్ మొక్కల్ని మారుస్తుందని 1901లో నెల్యుబోవ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. పండే ఆ వాయువును స్వయంగా తయారుచేసుకుంటుందని 1934లో ఇంగ్లండులో గేన్ అనే ఆయన రుజువు చేశాడు. ఆ తర్వాత ఎవరి తెలివో గాని, కార్బైడు వచ్చింది. తడి తగలగానే అది ఎసిటిలిన్ వదుల్తుంది. తొక్క పసుపు తిరుగుతుంది, లోపలి పిండికి తీపెక్కే తీరిక వుండదు. పండు పసుపు, కాడ ఆకుపచ్చ, రుచి సున్న! అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు కూడా వుంటాయి కాబట్టి చట్టం కార్బైడును నిషేధించింది, ఎథిలిన్ గదుల్ని ఒప్పుకుంది. నిషేధించినా వాడినవాళ్ళున్నారంటే, మనం రంగు చూసి డబ్బిస్తామని వాళ్ళకి తెలుసు గనకనే.

బెల్లం కథ ఇంకా చిత్రం. చెరకు రసం కాచేటప్పుడు మడ్డి తీయడానికి కాస్త సున్నం వేసేవారు, బెండకాడల జిగురు పోసేవారు. అప్పుడొచ్చే బెల్లం గోధుమరంగులో వుండేది. కొనేవాళ్ళకి అది మురికిగా కనబడింది. పంచదార తెల్లగా వచ్చి మన కళ్ళకి కొత్త పాఠం చెప్పింది కదా! ఇక బెల్లం కూడా బంగారపు రంగులో మెరవాలి. అందుకోసం 'హైడ్రోస్' అనే పొడి కలపడం మొదలైంది. తీరా అది వేసి తెల్లబరిచిన బెల్లం నిలవ వుంటే మళ్ళీ నల్లబడుతుంది. మరోవైపు నల్లబెల్లానికి నాటుసారా మచ్చ అంటుకుంది. మన రాష్ట్రంలో ఎక్సైజువాళ్ళు బళ్ళకొద్దీ పట్టుకుపోయిన రోజులున్నాయి. ఒకే చెరకు రసం, తెల్లగా వుంటే పరమాన్నంలోకి, నల్లగా వుంటే పోలీసు స్టేషన్‌కి!

కన్ను ఒక్కదాన్నే నింద వేయడం న్యాయం కాదు. ముక్కునీ వేలినీ కూడా మాయచేసిన సరుకు ఒకటుంది, మన వంటింట్లోనే. 1937లో డాల్డా వచ్చింది. దిగుమతి చేసుకునే దాదా కంపెనీ పేరు మధ్యలో లీవర్ కంపెనీ 'ల' అక్షరాన్ని ఇరికిస్తే ఆ పేరు పుట్టిందని చెబుతారు. నూనెలోకి హైడ్రోజన్ పంపితే గడ్డకడుతుంది, రంగూ రుచీ ఏమీ వుండవు. అమెరికావాళ్ళయితే అలాంటిదాన్ని వెన్నలా నున్నగా చేసి అమ్ముకున్నారు. మనవాళ్ళకి పూస కట్టిన నెయ్యి మీద మోజు. వేళ్ళ మధ్య నలిపితే పూస తగలాలి. అందుకని మనకి పూస పూసగా పేరుకునేలా చేశారు. వేళ్ళు నమ్మాయి. ఇంట్లో కాచిన నేతిలో డాల్డా కలిపితే అత్తగార్ల ముక్కులు కూడా పసిగట్టలేకపోయాయి. చివరికి ప్రభుత్వం ఒక ఉపాయం చేసింది. వనస్పతిలో కనీసం నూటికి 5 పాళ్ళు నువ్వులనూనె వుండి తీరాలన్నది. ఎందుకనుకున్నారు? నువ్వులనూనె వున్నచోట ఆమ్లమూ, కాస్త పంచదారా వేసి గిలకొడితే ఎర్రరంగు తేలుతుంది. మనిషి ముక్కు ఓడిపోయిన చోట గాజుగొట్టంలో సాక్షి నిలబెట్టారన్నమాట.

వెన్న విషయంలో అమెరికావాళ్ళ గొడవ ఇంతకన్నా పెద్దది. నకిలీ వెన్న మార్గరీన్‌కి పసుపు రంగు వేస్తే పౌనుకి 10 సెంట్లు, తెల్లగా వుంచితే పావు సెంటు పన్ను అని 1902లో శాసనం చేశారు. దాంతో అమ్మేవాళ్ళు తెల్ల మార్గరీనూ, పక్కన చిన్న రంగు పొట్లమూ ఇచ్చేవారు. ఇల్లాళ్ళు ఇంటికొచ్చి చేత్తో పిసికి పసుపు చేసుకునేవారట. రుచిలో తేడా లేదు. తెల్లగా వుంటే భర్తలూ పిల్లలూ ముట్టరు, అంతే. అసలు పాడి రైతులు మాత్రం తక్కువ తిన్నారా? శీతాకాలంలో పాలిపోయే వెన్నకి వాళ్ళూ రంగు వేసేవారు! ఆ ప్రత్యేక పన్ను 1950 దాకా, విస్కాన్సిన్ రాష్ట్రంలో రంగు మార్గరీన్ మీద నిషేధం 1967 దాకా సాగాయి.

వాసన మీద తెలుగువాళ్ళు కట్టిన పెద్ద సామ్రాజ్యం అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో ఆ పసుపు ముద్దని తయారుచేశారు. మొదట్లో సంగీత సభల్లో ఊరికే పంచేవారని ప్రతీతి. ఎంత సూక్ష్మం! ఒకరు నుదుటికి రాసుకుంటే వరస అంతా వాసన తెలుస్తుంది. ఆ డబ్బా అమ్మగా వచ్చిన సొమ్ముతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. ఇక ఆ చల్లదనం సంగతి: పుదీనా సత్తు ఒంటిని చల్లబరచదు. చర్మంలో చలిని పసిగట్టే నరాన్ని అది తట్టిలేపుతుంది. ఆ నరపు ద్వారం ఏదో 2002లో గాని శాస్త్రజ్ఞులకి దొరకలేదు. చుర్రుమనకపోతే మందు పనిచెయ్యలేదనుకునే మన తత్వం మాత్రం అంతకుముందునించీ వున్నదే.

ఒంటి సోకుల్లోనూ ఇదే వరస. కుంకుడుకాయ నురగ చూసి పెరిగిన జాతి మనది. నురగ రాకపోతే మురికి పోలేదనుకుంటాం. అందుకే షాంపూలు నురగతోనే మనకి పరిచయమయ్యాయి. 1983లో కడలూరులో మొదలైన చిక్ షాంపూ పొట్లాల్లో మల్లెపూల వాసన పెట్టాకనే బాగా ఊపందుకుంది. పొట్లం చింపితే జడలో పూలు తురుముకున్నట్టుంటే దక్షిణాది ఆడవాళ్ళు కొనరూ? ఈ పని నాకు తప్పుగా తోచదు. మల్లె వాసనని ఇష్టపడటంలో ఎవరికీ నష్టం లేదు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్‌లీ సంగతి వేరు. అది కంటికున్న ఇష్టాన్ని కాదు, పెళ్ళిచూపుల భయాన్ని అమ్మింది. పేరులోంచి ఆ తెలుపు తీసెయ్యడానికి 2020 దాకా పట్టింది.

చదువుకున్నవాళ్ళం మనం మోసపోమని అనుకోకండి. 2001లో ఫ్రాన్సులో బోర్డో పరిశోధకులు తెల్ల ద్రాక్షసారాయిలో వాసనలేని ఎర్రరంగు కలిపి 54 మంది విద్యార్థులకిచ్చారు. వాళ్ళు చదువుతున్నదే సారాయి శాస్త్రం. అయినా ఎర్ర సారాయికి వాడే మాటలతోనే దాని వాసనని వర్ణించారు.

మళ్ళీ మన గోదావరి గట్టుకి వద్దాం. రావులపాలెం పక్కనే ఆత్రేయపురం. అక్కడి ఆడవాళ్ళు బోర్లించిన కుండ కింద మంటపెట్టి, జారుగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి ఒక్కసారి కుండ మీద పరుస్తారు. క్షణంలో రేకు లేస్తుంది, వెనక వున్న మనిషి కనబడేంత పల్చగా. దీనికి రంగు లేదు, వాసన లేదు. నేతికీ బెల్లానికీ చోటివ్వడమే దాని పని. పెళుసుగా చప్పుడు చేస్తూ నోట్లో పడి మాయమైపోతుంది. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు జాతీయ రహదారి పక్క కొట్లలో పూతరేకులు మూతబిగించిన అట్టపెట్టెల్లో వుంటాయి. ముక్కుకి అందవు, వేలికి అందవు. కారు దిగినవాళ్ళు పెట్టె అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి కొట్టు అబ్బాయినే అడుగుతారు, "నెయ్యేనా బాబూ, లేక ఇంకేదైనానా?" అని. అతను మారు మాట్లాడకుండా ఒక రేకు సగానికి తుంచి చేతిలో పెడతాడు.