తుప్ప నరికిన చేతికి ఎన్ని పేర్లు

మా తాతలు కొండ మీద పోడు కొట్టేటప్పుడు చెట్టును నేలమట్టంగా నరికేవారు కాదు. మోకాలెత్తు, కొన్నిచోట్ల నడుమెత్తు మొద్దు వదిలేవారు. చిన్నప్పుడు మేము అది బద్ధకం అనుకున్నాం. వంగి నరకడానికి నడుం నొప్పి కాబోలు అని నవ్వుకున్నాం కూడా. ఒకసారి మా నానమ్మను అడిగితే, "మళ్లీ దానితో పని ఉంది కదరా" అంది. అంతకుమించి చెప్పలేదు. ఆ మాట అర్థం కావడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది.

మేము కొండరెడ్లం. రంపచోడవరం ఏజెన్సీలో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదివి, టీచర్ ట్రైనింగ్ చేసి, అలాంటి బడిలోనే పాఠాలు చెబుతున్నాం. కొన్నేళ్ల కిందట ఏడో తరగతి పరీక్షలో "అడవుల నరికివేతకు కారణాలు రాయండి" అనే ప్రశ్న వచ్చింది. మా గూడేనికే చెందిన పిల్లవాడు మొదటి కారణంగా "గిరిజనుల పోడు" అని రాశాడు. కాపీ దిద్దింది మేమే. పూర్తి మార్కులు వేసిందీ మేమే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పిల్లవాడి తాత, మా తాత ఒకే కొండ మీద పక్కపక్కన పోడు కొట్టినవాళ్లు. ఈ వ్యాసం ఆ మార్కులకు సంజాయిషీ అనుకోండి.

ముందు పని ఎలా జరిగేదో చెప్పుకోవాలి. ఇప్పటి మన పిల్లల్లో చాలామంది అది చూడలేదు.

పుష్యమాసం దాటాక పెద్దలు కొండ చూడటానికి వెళ్లేవారు. ఏ వాలులో తుప్ప దట్టంగా పెరిగిందో, ఏ మొద్దుకు పిలకలు చేయి లావు అయ్యాయో చూసి, ఎవరికి ఏ ముక్కో అక్కడే అనుకునేవారు. తరువాత కత్తి, గొడ్డలి. మొదట కింది తుప్పలు, తీగలు, ఆ తరువాత చిన్న చెట్లు. ఇప్ప, చింత, మామిడి, జీలుగు చెట్ల జోలికి పోయేవారు కాదు. ఇప్ప పువ్వు రాలకపోతే, జీలుగు కల్లు దిగకపోతే ఎండాకాలం గడవదు మరి. నరికిన కంప నేల మీదే పరిచి రెండు మూడు నెలలు ఎండనిచ్చేవారు. చుట్టూ ఆకు ఊడ్చి బాట తీసి, గాలి తగ్గిన సాయంత్రం నిప్పు పెట్టేవారు. తొలకరి పడ్డాక, భూమి పండుగ చేసుకున్నాకే విత్తనం. కొన చెక్కిన కర్రతో పొడిచిన గుంతలో జొన్న, కంది. చల్లేవి సామలు, కొర్రలు. మొద్దుల మీదికి బొబ్బర్లు, అనుములు, గుమ్మడి పాకేవి. అంటే వదిలేసిన మొద్దు పందిరికి కూడా పనికొచ్చేది. రెండు మూడు పంటలు తీసి ఆ ముక్కను వదిలి వెళ్లిపోయేవారు. ఎనిమిది పదేళ్ల తరువాత మళ్లీ వచ్చేసరికి తునికి, మద్ది, పాలకొడిసె మొద్దుల నుంచే లేచి కమ్మేసేవి. కొత్తగా నాటింది ఏదీ లేదు. వేరు చావలేదు కాబట్టి అడవి తిరిగి వచ్చింది. నానమ్మ చెప్పిన "పని" ఇదే.

ఈ పనికి బయటివాళ్లు పెట్టిన పేర్లే మన చరిత్ర.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండల మీద రిజర్వు లైన్లు పడ్డాయి. లైను లోపల తుప్ప నరకడం నేరం. 1927 నాటి భారత అటవీ చట్టం పదో సెక్షన్ పోడు గురించే మాట్లాడుతుంది. పోడు హక్కు కాదట, ప్రభుత్వం అదుపు చేయగల, తగ్గించగల, రద్దు చేయగల వెసులుబాటు మాత్రమేనట. ఆ చట్టం మద్రాసు రాష్ట్రానికి వర్తించకపోయినా ఆ ఆలోచన మాత్రం అన్ని రాష్ట్రాల్లోనూ ఒకటే. దీన్ని రాసినవాళ్లకు బీడు పెట్టిన పోడు కనిపించలేదు. వాళ్లకు కనిపించింది రెండే: పంట ఉన్న నేల, ఖాళీ అడవి. ఎనిమిదేళ్ల పిలకలతో నిండిన మా తాతల బీడు వాళ్ల మ్యాపులో ఖాళీ అడవి అయింది.

1882కు ముందే నిప్పు రాజుకుంది. 1879 మార్చిలో రంప ఫితూరి లేచింది. దానికి పెద్ద కారణం కల్లు మీద పన్ను. రంప మన్సబుదారు వసూలు చేసిన చిగురుపన్ను, సర్కారు కొత్త ఆబ్కారీ నియమాలు, మైదానం నుంచి వచ్చిన షావుకార్లు కోర్టు కాగితాలతో పశువులను, పంటను లాక్కుపోవడం, అడవి మీద ఆంక్షలు, అన్నీ కలిశాయి. కారం తమ్మన్నదొర పేరు ఆ రోజుల్లో మద్రాసు దాకా పాకింది. ఫితూరి గొలుగొండ, భద్రాచలం వైపు పాకి 1880లో గానీ అణగలేదు. చల్లారిన రెండేళ్లకే అటవీ చట్టం వచ్చింది. మన్యం ఎందుకు మండిందో సర్కారుకు తెలియక కాదు. సొంత అధికారులనే పంపి విచారణ చేయించుకుంది. తెలిసే చేసింది.

ఇక రెండో పేరు వెట్టి. 1920 నాటి మాట. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు ఘాట్ రోడ్డు వేయించాడు. ఘాట్ రోడ్డంటే ముందు ఏం చేయాలి? తుప్ప నరకాలి, చెట్లు కూల్చాలి, మొద్దులు పెకలించాలి. ఆ పని మన్యం వాళ్ల చేత చేయించాడు. ఇవ్వాల్సిన కూలి సరిగా ఇవ్వలేదు, ఎదురు చెప్పినవాళ్లను కొట్టించాడు. ఒక్కసారి ఆలోచించండి. అదే కొండ, అదే కత్తి, అదే చేయి. తన పిల్లల తిండికి నరికితే కేసు. దొర రోడ్డుకు నరకకపోతే దెబ్బలు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి తుపాకులు తీసుకున్నవారిలో ఈ రోడ్డు పనిలో చేతులు కాయలు కాచినవాళ్లు ఉన్నారు. అల్లూరి సీతారామరాజు గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఉంది, సినిమాలు ఉన్నాయి. గాం గంటందొర, గాం మల్లుదొరల గురించి రెండు వాక్యాలకు మించి దొరకవు. అండమాన్ జైలు చూసి వచ్చిన మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడని మా బడిలో ఎంతమంది టీచర్లకు తెలుసో అడిగి చూశాం. ఇద్దరు.

మూడో పేరు కూపు కూలీ. టేకు కూపులు, వెదురు కూపులు. గోదావరి మీద తెప్పలు కట్టి కలప రాజమండ్రికి దించేవారు. 1940ల్లో హైమెన్‌డార్ఫ్ నిజాం వైపు గోదావరి గట్టు కొండల్లో తిరిగి, కొండరెడ్ల గురించి 1945లో ఒక పుస్తకం అచ్చువేశాడు. పోడు తగ్గిన చోట మనవాళ్లు కాంట్రాక్టరు అప్పుకింద వెదురు నరుకుతూ కనిపించారని అందులో ఉంది. మా నాన్న కూడా కూపుకు వెళ్లాడు. కూపులో మొదటి పని కింది తుప్ప కొట్టి దారి చేయడం. ఆ తరువాత ఎకరాలకు ఎకరాలు నేలమట్టం. సాయంత్రం చీటీ, వారానికి కూలి. నేరం కాదు, ఎందుకంటే నరికించింది సర్కారు.

ఇది మన ఒక్క కొండ కథ కాదు. మధ్యపరగణాల్లో బైగాల బేవార్‌ను 1890లో బైగా చక్ అనే కొన్ని గ్రామాల గీతలో బంధించారు. ఆదిలాబాద్ వైపు జోడేఘాట్‌లో 1940లో కుమ్రం భీము ప్రాణం ఇచ్చింది ఈ నరికిన నేల కోసమే. అక్కడి అన్నలు ఆ కథ మాకంటే బాగా రాయగలరు కనుక ఇక్కడితో ఆపుతాం.

ఇప్పుడు కొంచెం చేదు మాట. పోడు ఎప్పుడూ మంచిదే అని మేము అనం. రిజర్వు లైన్లు బిగిశాక, కూపులు కొండలు ఖాళీ చేశాక, మనకు మిగిలిన ముక్కలు చిన్నవయ్యాయి. పదేళ్ల బీడు ఐదేళ్లయింది, తరువాత మూడేళ్లు. మూడేళ్ల పిలకను కాలిస్తే బూడిద ఎంత వస్తుంది? వాన పడితే మట్టి వాగులో చేరింది. మా ఊరి పై వాలు ఒకటి అలాగే రాయి తేలింది. దానికి మా వాళ్ల చేయీ ఉంది. పిల్లలకు ఇది దాచకూడదు. కానీ బీడు ఎందుకు కుదించుకుపోయిందో కూడా అదే పాఠంలో చెప్పాలి.

1990ల్లో వన సంరక్షణ సమితులు వచ్చాయి. బీడు పెట్టిన పోళ్లలోనే మొక్కలు నాటించారు. బీడు పెట్టినవాడి నేల పోయింది, బీడు పెట్టకుండా ఏటా దున్నినవాడి నేల నిలిచింది. తరువాత 2006లో అటవీ హక్కుల చట్టం. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి నాలుగు హెక్టార్లు మించకుండా హక్కు. ఈ చట్టం కోసం మన పెద్దలు దేశమంతా నడిచారు, అది చిన్న విజయం కాదు. కానీ సర్వేకు వచ్చినవాళ్లు చూసేది మళ్లీ పంటనే. మా కుటుంబం రెండు ముక్కలకు దరఖాస్తు పెట్టింది. కింది ముక్కలో మా చిన్నాన్న మొద్దులన్నీ తవ్వి పారేసి జీడిమామిడి వేశాడు. దానికి పట్టా వచ్చింది. పై ముక్క మా తాత పద్ధతిలో బీడుగా ఉంది, పిలకలతో. "ఇది అడవి" అని రాసి తిప్పి పంపారు. ఉపగ్రహం ఫొటోలో పచ్చగా కనిపించిందట! పచ్చగా కనిపించేలా ఉంచినందుకే పోయింది.

యువకులు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ చట్టం నియమాల్లో 13వ నియమం ప్రకారం పెద్దల వాంగ్మూలం రాతపూర్వకంగా ఇస్తే అది సాక్ష్యమే. 2012 సవరణ ప్రకారం ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. మాకు అప్పట్లో ఇది తెలియదు. టీచరై ఉండి తెలియదు.

నాలుగో పేరు మీ అందరికీ తెలుసు: జంగిల్ క్లియరెన్స్. ఉపాధి హామీ వచ్చాక రోడ్డు పక్క తుప్పలు, బడి ఆవరణలో తుప్పలు, కాలువ గట్టు తుప్పలు కొట్టడం మస్టరులో ఎక్కే పని. ఏ తాతకైతే కేసు పెట్టారో అతని కోడలు అదే కత్తితో ఇప్పుడు కూలి తీసుకుంటోంది. ఈ మధ్య ఆ పని కూడా యంత్రాలకు పోతోంది. ఫోనులో పిల్లలు మాకు ఒక వీడియో చూపించారు. అమెరికాలో పళ్లున్న ఇనుప డ్రమ్ము తగిలించిన ట్రాక్టరు నిలువెత్తు తుప్పలోకి వెళ్లి, నిలబడ్డ చెట్టును నిలబడ్డట్టే పిండి చేసి, ఆ చెక్క ముక్కలను అక్కడే నేల మీద పరిచి పోతోంది. మల్చర్ అంటారు. నిప్పు లేదు, పొగ లేదు. నేల కప్పి ఉంటుంది కాబట్టి మట్టి కొట్టుకుపోదు, తేమ ఆరదు.

"సార్, ఇది మన పోడుకన్నా మంచిదా?" అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. కాలిస్తే ఆకులో, కొమ్మలో ఉన్న నత్రజని గాలిలో పోతుంది, పొటాష్, సున్నం బూడిదలో మిగిలి మొదటి వానకే పంటకు అందుతాయి. పొడి చేసి పరిస్తే ఏదీ పోదు, కానీ చెక్క కుళ్లే జీవులు మొదట్లో నేలలోని నత్రజనిని తామే తినేస్తాయి, పంటకు ఆలస్యంగా అందుతుంది. అసలు నిప్పు లేని పద్ధతి యంత్రం కనిపెట్టింది కాదు. మధ్య అమెరికాలో కోస్టారికా రైతులు నిలబడి ఉన్న తుప్పలోకే చిక్కుడు గింజలు చల్లి, పైనుంచి తుప్పను కత్తితో కొట్టి కప్పేస్తారు. దాన్ని తపాదో అంటారు. కప్పినది అని అర్థం. బాగా వాన పడే చోట అది కుదిరింది, నాలుగు నెలలు ఎండే మన కొండకు నిప్పు కుదిరింది. ఆ యంత్రం కూడా, మేము చూసినంతలో, మొద్దును నేల మట్టానికి కోస్తుంది గాని వేరు పెకలించదు. పిలక మళ్లీ వస్తుంది. వేళ్లతో సహా లాగేసేది జేసీబీ.

కిందటి ఎండాకాలం మా పై ముక్కలోకి జేసీబీ వచ్చింది. మొక్కలు నాటే పథకం అన్నారు. రెండు రోజుల్లో కందకాలు తీసి, మొద్దులన్నీ వేళ్లతో పెకలించి వాలు కింద కుప్ప వేశారు. మా తాత నరికిన గంటు ఉన్న మద్ది మొద్దు కూడా అందులోనే ఉంది. దాని మీద గొడ్డలి గాట్లు ఒకదాని మీద ఒకటి మూడు వరుసలు కనిపించాయి. మూడు సార్లు నరికారన్నమాట, మూడు సార్లు లేచిందన్నమాట. ఏ ఆఫీసూ అడగని సాక్ష్యం అది.

మేము, మా చిన్నాన్న, ఇద్దరు పిల్లలు కలిసి ఆ మొద్దును కావడి కట్టి కిందికి మోసుకొచ్చాం. ఇప్పుడు అది మా బడి వరండాలో ఉంది. ఈ మాఘమాసంలో గూడెం పెద్దలను బడికి పిలిచాం. గాట్లు చూపించి ఏ వరుస ఏ సంవత్సరానిదో అడిగాం. గోదావరి పెద్ద వరద వచ్చిన ఏడు, మా పెద్దత్త పెళ్లయిన ఏడు, అలా లెక్క చెప్పారు. ఏడో తరగతి పిల్లలు రాసుకున్నారు. కింద పెద్దల వేలిముద్రలు వేయించాం. పై ముక్కకు మళ్లీ పెట్టే దరఖాస్తుకు ఆ కాగితం జతచేస్తున్నాం.