చవక కెమెరా తారీఖ్: మన తస్వీర్ ఎన్ని చేతులు మారింది?

చిన్న డిజిటల్ కెమెరా కొందామనుకునే వాళ్లు నన్ను రెండు సంగతులు అడుగుతారు. ఎన్ని మెగాపిక్సెల్స్ ఉండాలి భాయ్? ఎంతలో వస్తుంది? రెండూ వాజిబే. కానీ మన ఖాందాన్లలో వీటికంటే పాత ప్రశ్న ఒకటి ఉంది. తీసిన తస్వీర్ ఎవరి చేతుల్లోంచి వస్తుంది, ఎవరి కంట పడుతుంది? మన ఆడవాళ్ల తస్వీర్లు ఇళ్లలో ఉన్నాయా లేవా అన్నది చాలా కాలం ఈ ప్రశ్న మీదే ఆధారపడింది. ధర ఆ తరువాతి మాట. అందుకే కెమెరా ఎంచుకునే ముందు దాని తారీఖ్ కొంచెం తెలుసుకోవాలి. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా.

ముందు పేరు సంగతి. మన ఇళ్లలో గదిని కమ్రా అంటాం. కమ్రా, కెమెరా ఒక తల్లి బిడ్డలు. లాటిన్‌లో కామెరా అంటే కప్పు ఉన్న గది. ఆ మాట పోర్చుగీసు వాళ్లతో హిందుస్తాన్ చేరి కమ్రా అయింది. అదే మాట 'చీకటి గది' అనే అర్థంలో యూరప్ శాస్త్రవేత్తల చేతిలో పడి కెమెరా అయింది. అరబ్బీ మాట నుంచి కెమెరా పుట్టిందని వాట్సాప్‌లో తిరిగే సంగతి సహీ కాదు. మనవాళ్ల ఘనతకు ఆ అబద్ధం జరూరత్ కూడా లేదు. బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్న్ అల్ హైతమ్ 11వ శతాబ్దంలోనే, సూర్యగ్రహణం వేళ చిన్న రంధ్రం గుండా వచ్చిన వెలుగు ఎదుటి గోడ మీద సూర్యుడి ఆకారాన్ని ఎలా చూపుతుందో పరీక్షించి రాశారు. ఆయన కితాబ్ అల్ మనాజిర్ లాటిన్‌లోకి వెళ్లి వందల ఏళ్లు అక్కడి వాళ్లకు చదువు చెప్పింది.

ఇక హైదరాబాద్‌కు వద్దాం. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దర్బారులో ఫోటోలు తీసింది లాలా దీన్ దయాళ్. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టారు. నిజాం ఆయనకు ఇచ్చిన ఖితాబు ముసవ్విర్ జంగ్. ముసవ్విర్ అంటే తస్వీర్ తీసేవాడు. ఎంత ఖితాబు ఉన్నా పరదా ఉన్న బేగమ్‌ల ముందు ఆయన కెమెరా పెట్టలేరు. అందుకని 1892లో హైదరాబాద్‌లో ఒక జనానా స్టూడియో తెరిచారు. ఎత్తయిన గోడలు, లోపల అందరూ ఆడవాళ్లే. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ. ఆడవాళ్లు కెమెరాకు దూరంగా ఉన్నది షౌక్ లేక కాదని ఆ గోడలే సాక్ష్యం. భరోసా ఉన్న చోటు దొరికితే వాళ్లు వచ్చి కూర్చున్నారు. కానీ ఆ భరోసా పైసలున్న ఖాందాన్లకే అందేది.

తస్వీర్ జాయిజా కాదా అనే బహస్ కూడా నడిచింది. ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీఈ, ఫోటో అంటే చేత్తో రూపం సృష్టించడం కాదు, నీడను పట్టి నిలపడమే అని జాయిజ్ అన్నారు. మన దేశంలో ఎందరో ఉలమా జరూరత్ ఉంటే తప్ప వద్దన్నారు. ఆ బహస్‌లో ఫైసలా చెప్పడం నా పని కాదు. పాస్‌పోర్టు లేకుండా హజ్ ప్రయాణం లేదు, ఫోటో లేకుండా పాస్‌పోర్టు లేదు కాబట్టి జరూరత్ మాత్రం ప్రతి ఇంటికీ వచ్చింది.

గరీబుల చేతికి కెమెరా ఎలా వచ్చిందో చూద్దాం. అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో కొడాక్ కెమెరా అమ్మకానికి పెట్టాడు. 25 డాలర్లు. లోపల 100 ఫోటోలకు సరిపడే ఫిల్మ్. అది అయిపోయాక కెమెరాను అలాగే రోచెస్టర్‌లోని కంపెనీకి పంపాలి. వాళ్లు 10 డాలర్లు తీసుకుని ఫోటోలు కడిగి, కొత్త ఫిల్మ్ వేసి తిరిగి పంపేవాళ్లు. 1900లో వచ్చిన బ్రౌనీ కెమెరా ధర 1 డాలరే. అట్టపెట్టె లాంటిది, పిల్లలు కూడా తీయగలరు. పాయింట్ అండ్ షూట్ అనే మాట అప్పటికి లేదు కానీ ఆ ఖాందాన్‌కు పెద్దది ఈ బ్రౌనీయే. ఇందులో ఒక మెలిక గమనించండి. మీట నొక్కే పని ఇంటికి వచ్చింది. కడిగే పని పరాయివాడి దగ్గరకు పోయింది. ధర తగ్గింది, మధ్యలో ఇంకో చేయి చేరింది.

మన దేశంలో ఈ కథ బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్ 3తో చాలా ఇళ్లకు చేరింది. ఒక రోల్‌కు 12 ఫోటోలు. ఊటీలోని హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' ఫిల్మ్ చేసేది. 80వ దశకంలో హాట్‌షాట్ వచ్చింది. కువైట్, సౌదీ వెళ్లిన కడప, రాయచోటి పిల్లలు సెలవుకు వచ్చేటప్పుడు యాషికా తెచ్చేవాళ్లు. 36 ఫోటోల రోల్ ఖరీదు కాబట్టి షాదీ నుంచి ఈద్ దాకా ఒకే రోల్ నడిచేది. రోల్ అయ్యాక బజారులో ల్యాబ్‌కు ఇవ్వాలి. అక్కడ ఎవరు కడుగుతారో, ఎన్ని కాపీలు తీస్తారో మనకు తెలియదు. అందుకే యాషికా ఇంట్లో ఉన్నా లెన్సు దలాన్ దాటి లోపలికి వెళ్లేది కాదు. మా ఇంటి ఆల్బమ్‌లో మామూలు, చాచాలు, దూల్హా దోస్తులు వరసగా ఉన్నారు. మా నానీ తస్వీర్ మాత్రం ఒక్కటే ఉంది, అదీ ఓటరు కార్డు మీద. ఎన్నికల సంఘం ఫోటో కార్డులు మొదలుపెట్టింది 1993లో. అప్పటికే ఆమె ముసలిది. ఆమె జవానీలో ఎలా ఉండేదో చెప్పడానికి ఇప్పుడు మా అమ్మీ మాటలే ఆధారం.

ఆ మధ్య చేతిని తీసేసింది డిజిటల్. 1975లో అదే కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు మొదటి డిజిటల్ కెమెరా కట్టాడు. బరువు సుమారు మూడున్నర కిలోలు. 10 వేల పిక్సెల్స్, అంటే మెగాపిక్సెల్‌లో నూరో వంతు. ఒక నలుపు తెలుపు ఫోటో టేపు క్యాసెట్‌లోకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. 1995లో క్యాసియో క్యూవీ-10 వెనక చిన్న తెర పెట్టింది. తీసిన వెంటనే చూడొచ్చు, వద్దనుకుంటే చెరిపేయొచ్చు. దునియా దాన్ని సౌకర్యంగా చూసింది. పరదా ఉన్న ఇంటికి అది అంతకంటే పెద్ద సంగతి. ల్యాబ్ లేదు, కడిగేవాడు లేడు. జనానా స్టూడియో గోడలు చేసిన పని జేబులో పట్టే డబ్బా చేసింది. 2000 తరువాత కానన్ పవర్‌షాట్, నికాన్ కూల్‌పిక్స్, సోనీ సైబర్‌షాట్ ధరలు దిగాయి. ఖాలాలు, ఆపాలు ఒకరినొకరు తీసుకున్న ఫోటోలు ఆ కాలం నుంచే మా ఇంట్లో కనిపిస్తాయి.

2010లో లోకంలో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు దుకాణాలకు వెళ్లాయి. 2023కు అది 80 లక్షల లోపుకు పడిపోయింది. ఫోన్ వాటి జాగా తీసుకుంది. కొడాక్ 2012లో దివాలా పిటిషన్ వేసింది. అయితే ఫోన్‌తో పాటు పరాయి చేయి మళ్లీ వచ్చింది. సెట్టింగ్ చూసుకోకపోతే ఫోటోలు వాటంతట అవే ఎక్కడో ఉన్న సర్వర్లకు ఎక్కుతాయి. రిపేరుకు ఇస్తే ఫోన్‌తో పాటు ఆల్బమ్ కూడా దుకాణంలోనే ఉంటుంది. చిన్న కెమెరాకు ఇప్పటికీ ఒక హక్ ఉన్నదంటే ఇందుకే.

కొనాలనుకునే వాళ్లకు నా మష్వరా ఇది. మెగాపిక్సెల్స్ మోజులో పడకండి. 4×6 అంగుళాల ప్రింటుకు 2 మెగాపిక్సెల్స్‌కు కాస్త పైన ఉంటే చాలు, ఏ4 సైజుకు 9 సరిపోతాయి. చవక కెమెరాల్లో సెన్సర్ సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పే ఉంటుంది. దానిలో ఎన్ని పిక్సెల్స్ కూరితే మసక వెలుగులో అంత మచ్చలు కనిపిస్తాయి. ఆప్టికల్ జూమ్ ఎంతో చూడండి, డిజిటల్ జూమ్ లెక్కలోకి రాదు, అది బొమ్మను సాగదీయడమే. రాత్రి ఫోటోలో మంచి ఫోన్ దీన్ని ఓడిస్తుందని ముందే తెలిసి కొనండి.

పాతది కొంటే ఎహతియాత్ ఇంకొంచెం కావాలి. 2006కు ముందరి కెమెరాలు చాలావరకు 2 జీబీ దాటిన కార్డు తీసుకోవు. ఎస్‌డీ కాకుండా ఎక్స్‌డీ కార్డు అడిగే వాటిని వదిలేయండి. ప్రత్యేక బ్యాటరీ ఉంటే అది ఇంకా దొరుకుతుందో లేదో చూశాకే డబ్బు ఇవ్వండి, మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడిచేదైతే ఆ ఫికర్ లేదు. లెన్సు బయటికి వచ్చేటప్పుడు గరగర వినిపిస్తే తీసుకోకండి. రేపు మీరు కెమెరా అమ్మినా కార్డు ఇవ్వకండి, చెరిపేసిన ఫోటోలను కూడా బయటికి తీయొచ్చు.

కొన్నాక కెమెరాను ఇంట్లో ఆడవాళ్ల చేతికి ఇవ్వండి. వాళ్లకు ఇష్టమైనవి వాళ్లే తీసుకుంటారు, ఏది ప్రింటుకు బయటికి వెళ్లాలో, ఏది ఇంట్లోనే ఉండాలో వాళ్లే తేలుస్తారు. దాదీ, నానీ ఉన్న వాళ్లు ఇజాజత్ అడిగి ఈ ఈద్‌కే ఒకటి తీయండి. ప్రింటు వెనక పేరు రాయండి, ఊరు రాయండి, తారీఖ్ రాయండి.