ఇస్కవాగులో సిప్రో

పటాన్‌చెరు దగ్గర ఇస్కవాగు నీళ్లలో ఓ ఈకొలై బాక్టీరియా రెండు కాబోతోందనుకోండి. దాని డీఎన్ఏలో సుమారు 46 లక్షల క్షార జతలున్నాయి. హెలికేస్ అనే ఎంజైము రెండు పోగుల మధ్య దూరి, సెకనుకు వెయ్యి జతల దాకా విడదీసుకుంటూ పోతోంది. రెండు పేటల తాడును ఒక కొసనుంచి విడదీస్తుంటే ముందు భాగంలో పురి బిగుసుకుంటుంది కదా, ఇక్కడా అంతే. సెకనుకు దాదాపు వంద మెలికల బిగువు. కాసేపైతే హెలికేస్ అడుగు వేయలేదు.

అప్పుడు దిగుతుంది గైరేజ్. 1976లో అమెరికాలో మార్టిన్ గెల్లర్ట్ బృందానికి చిక్కిన ఎంజైము ఇది. దీని పని వింటేనే గుండె జారుతుంది: డీఎన్ఏ రెండు పోగులనూ తెగ్గొడుతుంది! కొసలు జారిపోకుండా తనే పట్టుకుని, ఆ సందులోంచి ఇంకో భాగాన్ని దాటించి, మళ్లీ అతికేస్తుంది. ఒక్కో విడతకు రెండు మెలికలు సడలుతాయి.

తెగ్గొట్టింది, ఇంకా అతకలేదు. సరిగ్గా ఆ క్షణంలో సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయాటిక్ వచ్చి కోతలో కూర్చుంటుంది. గైరేజ్ బిగుసుకుపోతుంది. వెనకొస్తున్న, డీఎన్ఏ నకలు తీసే యంత్రాంగం వచ్చి గుద్దుకుంటుంది. క్రోమోజోము ముక్కలు.

రోగి ఒంట్లో జరగాల్సిన ఈ పని వాగులో ఎందుకు జరిగింది? పటాన్‌చెరులో దాదాపు 90 బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల వ్యర్థజలం ఒకేచోట శుద్ధయి వాగులో పడేది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన లార్సన్ బృందం ఆ ‘శుద్ధి’ అయిన నీటినే పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో! కొన్ని బాక్టీరియాలను చంపే మోతాదుకు వెయ్యి రెట్ల పైమాట. రోజుకు సుమారు 45 కిలోలు. స్వీడన్ మొత్తం ఐదు రోజులు వాడే మందు. 2007లో ఈ లెక్క అచ్చయింది.

చావనివి మిగులుతాయి. 2014లో అచ్చయిన మరో పరిశోధనలో ఆ ప్రాంతపు వాగుల అడుగు మట్టిలో క్యూఎన్ఆర్ జన్యువులు బయటపడ్డాయి. వాటి ప్రొటీన్ గైరేజ్‌ను అంటిపెట్టుకుని మందునుంచి కాస్తుంది. ఈ జన్యువులు ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ వలయాల మీద ఒక జాతి నుంచి ఇంకో జాతికి చేరతాయి కూడా. ఆ నీళ్లు మంజీర మీదుగా గోదావరికే పోతాయి, కృష్ణ ఒడ్డున కొల్లాపూర్ దగ్గరున్న సోమశిల లాంటి ఊళ్లకు రావు. నిజమే. కానీ బాక్టీరియా బస్సెక్కిన మనిషి పేగుల్లోనూ ప్రయాణిస్తుంది.

టైఫాయిడ్ క్రిమికైతే ఈ అరువు జన్యువు కూడా అక్కర్లేకపోయింది. గైరేజ్‌లో 83వ అమైనో ఆమ్లం మారడంతోనే మన దేశంలో దానిమీద సిప్రో పట్టు చాలావరకు సడలిపోయింది. సోమశిల నుంచి జ్వరంతో కొల్లాపూర్ వెళ్లినవారికి టైఫాయిడ్ అని తేలితే, డాక్టరు ఇప్పుడు అజిత్రోమైసినో, సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజెక్షనో రాస్తారు.