ఊరు వదలని జట్టు

జర్మనీ తూర్పున, చెక్ సరిహద్దుకు చేరువలో, కొండల నడుమ ఔవె అని ఒక చిన్న ఊరుంది. ఆ కొండల పేరు ఎర్ట్స్‌గెబిర్గె, అంటే ఖనిజాల కొండలు. ఊళ్లో జనం పదహారు వేలకు అటూ ఇటూ. ఊరి ఫుట్‌బాల్ స్టేడియంలో పట్టే జనమూ దాదాపు అంతే. అలాంటి ఊరి జట్టు ఒకప్పుడు మూడుసార్లు దేశ చాంపియన్ అయింది. ఆ దేశం, తూర్పు జర్మనీ, ఇప్పుడు పటంలో లేదు. జట్టు మాత్రం ఉంది. 1946 మార్చి 4న పుట్టిన ఆ క్లబ్బుకు 2026తో ఎనభై ఏళ్లు నిండాయి.

ఈ జట్టు కథ మైదానంలో కాదు, భూమి అడుగున మొదలవుతుంది. 1789లో మార్టిన్ క్లాప్రోట్ అనే రసాయన శాస్త్రవేత్త యురేనియాన్ని కనుగొన్నది ఈ కొండల్లోనే ఉన్న యోహాన్‌గేయోర్గెన్‌ష్టాట్ గని రాయి నుంచే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సోవియట్ యూనియన్‌కు అణుబాంబు కోసం యురేనియం కావలసి వచ్చింది. 1947లో ఇక్కడ ఒక కంపెనీ వెలిసింది. తవ్వేది యురేనియం. పెట్టిన పేరు విస్ముత్, అంటే బిస్మత్ అనే వేరే లోహం. పనేమిటో బయటికి పొక్కకూడదని పెట్టిన ముసుగు పేరది. 1950ల తొలినాళ్లలో లక్ష మందికి పైగా అందులో పనిచేశారు. 1990లో తవ్వకం ఆగేనాటికి పైకి తీసిన యురేనియం రెండు లక్షల ముప్పై వేల టన్నుల పైచిలుకు. దానితోపాటే రేడాన్ గాలి, రాతి ధూళి వేల మంది ఊపిరితిత్తులను తినేశాయి. కడప జిల్లా తుమ్మలపల్లెలోనూ యురేనియం తవ్వుతున్నారు కాబట్టి, ఈ కథ మనకు మరీ దూరపుదేమీ కాదు.

ఔవె జట్టును పోషించింది ఆ గని కంపెనీయే. మొదట్లో రెండు మూడు పేర్లు మారి, 1951 నాటికి విస్ముత్ ఔవె అన్న పేరు స్థిరపడింది. అదే ఏడు పైస్థాయి లీగ్‌లోకి చేరింది. చొక్కా ఊదా రంగు, అందుకే అభిమానులు జట్టును ముద్దుగా వయొలెట్ పూలంటారు. గుండెల మీది చిహ్నంలో గనివాళ్ల రెండు పనిముట్లు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. రెండూ సుత్తుల్లాగే కనిపిస్తాయి గానీ, దగ్గరగా చూస్తే ఒకటి సమ్మెట, రెండోది పిడి తొడిగిన ఉలి. ఒక చేత్తో ఉలిని రాతికి ఆనించి, ఇంకో చేత్తో సమ్మెట వెయ్యాలి. ఈ కొండల్లో వందల ఏళ్లు సాగిన పని అది. ఇక్కడ ఒకరికొకరు ఎదురైతే ‘గ్లుక్ ఔఫ్’ అంటారు. గని నీకు కలిసిరావాలి, క్షేమంగా పైకి రావాలి అని ఆ మాటలోని ఆశ. సింగరేణి నేల మీద పెరిగినవాళ్లకు దీని బరువు వేరే చెప్పనక్కర్లేదు. బాయిలోకి దిగిన మనిషి షిఫ్టు దిగి గుమ్మంలోకి వచ్చేదాకా ఇంట్లోవాళ్లకు మనసు మనసులో ఉండదు.

1954లో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పెద్ద ఊళ్లలో పెద్ద స్పోర్ట్స్ క్లబ్బులు కట్టాలన్నది అప్పటి ప్రభుత్వ విధానం. అందుకని జట్టును కార్ల్-మార్క్స్-ష్టాట్‌కు తరలించమన్నారు. ఇవాళ్టి కెమ్నిట్స్ నగరమే అది. నలభై కిలోమీటర్లు కూడా ఉండదు. కానీ గని కార్మికులు ఒప్పుకోలేదు, ఊరు ఊరంతా అడ్డం తిరిగింది. చివరికి మధ్యేమార్గం తేలింది. కాగితాల మీద జట్టు పేరు విస్ముత్ కార్ల్-మార్క్స్-ష్టాట్, ఆట మాత్రం ఔవె మైదానంలోనే. అలా 1963 దాకా సాగింది. ఆ తొమ్మిదేళ్లే జట్టుకు స్వర్ణయుగం కావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 1955లో కప్పు, 1956, 1957, 1959లో చాంపియన్‌షిప్‌లు, అన్నీ రికార్డుల్లో వేరే ఊరి పేరు మీదే ఉన్నాయి. పట్టికలు మాత్రమే చూసేవాడికి అక్కడ ఔవె కనబడదు.

ఆ రోజుల జట్టుకు ముందువరుసలో విల్లీ ట్రేగర్ ఉండేవాడు. యుద్ధం చివర్లో, ఇంకా కుర్రవాడిగానే, కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు. అయినా తూర్పు జర్మనీ జాతీయ జట్టు తరఫున 15 మ్యాచ్‌లు ఆడి 11 గోల్స్ కొట్టాడు. రెండు చేతుల పనిని గుండెల మీద పెట్టుకున్న జట్టుకు ఒంటిచేతి మనిషి గోల్స్ తెచ్చిపెట్టాడు. ఈ క్లబ్బు చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మనిషి ఆయనే.

1956 అక్టోబర్ 6న లైప్‌జిగ్‌లో పశ్చిమ జర్మనీ క్లబ్బు కైజర్స్‌లౌటర్న్‌తో స్నేహపూర్వక మ్యాచ్ జరిగింది. రెండేళ్ల కిందట ప్రపంచ కప్పు ఎత్తిన కెప్టెన్ ఫ్రిట్జ్ వాల్టర్ ఎదురుగా ఉన్నాడు. లక్ష మందికి పైగా జనం. బంతి గాల్లో వస్తుంటే వాల్టర్ అప్పటికే ముందుకు దాటిపోయాడు. ఒళ్లు ముందుకు వాలుస్తూ, వీపు మీదుగా మడమతో బంతిని గోల్‌లోకి కొట్టాడు. దాన్ని శతాబ్దపు గోల్ అని జర్మన్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఔవె 3-5తో ఓడింది. మరుసటి ఏడాది తూర్పు జర్మనీ నుంచి యూరోపియన్ కప్పులో అడుగుపెట్టిన మొదటి జట్టు కూడా ఇదే. వార్సా జట్టు గ్వార్డియాతో మూడో మ్యాచ్‌లో కూడా ఎటూ తేలలేదు, పైగా దీపాలు ఆరిపోయాయి. నాణెం ఎగరేస్తే ఔవె వైపు పడింది. తర్వాతి రౌండ్లో అయాక్స్ చేతిలో ఇంటిదారి పట్టింది.

1963లో పాత పేరు తిరిగొచ్చింది గానీ చాంపియన్‌షిప్ మళ్లీ రాలేదు. ప్రభుత్వ ఆదరణ ఎంపిక చేసిన పెద్ద క్లబ్బులకే దక్కేది. బాగా ఆడే కుర్రాళ్లను వాటికి పంపాల్సి వచ్చేది. అయినా 1951 నుంచి 1990 దాకా ఒక్కసారి కూడా పైస్థాయి లీగ్ నుంచి జారిపోలేదు. ఆ లీగ్‌లో 1019 మ్యాచ్‌లు ఆడింది. అన్ని మ్యాచ్‌లు ఆడిన జట్టు మరొకటి లేదు. కప్పుల కంటే నేను ఈ సంఖ్యకే ఎక్కువ విలువిస్తాను.

1990లో అన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. జట్టు దిగువ లీగ్‌కు పడిపోయింది, గనులు మూతపడ్డాయి, దేశమే లేకుండా పోయింది. 1993లో క్లబ్బు పేరు ఎర్ట్స్‌గెబిర్గె ఔవె అయింది. కానీ అరిచేటప్పుడు జనం నోట వచ్చేది ఇవాళ్టికీ ‘విస్ముత్’ అనే. గనివాళ్ల ఆరోగ్యం తిన్న కంపెనీ పేరు అంత ప్రేమగా ఎలా పలుకుతారని అడగొచ్చు. వాళ్లు పిలిచేది కంపెనీని కాదు, అందులో దిగిన తండ్రుల్ని, తాతల్ని.

2003లో గెర్ట్ షేడ్లిష్ శిక్షణలో రెండో శ్రేణి లీగ్‌కు చేరారు. 2008లో జారారు, 2010లో ఎక్కారు, 2015లో మళ్లీ జారి మరుసటి ఏడాదే మళ్లీ ఎక్కారు. 2017 వసంతంలో అట్టడుగున ఉన్నప్పుడు దొమెనికో టెడెస్కో అనే యువ కోచ్ వచ్చి పదకొండు మ్యాచ్‌ల్లో జట్టును ఒడ్డున పడేశాడు. ఆ వేసవిలోనే షాల్కె క్లబ్బు అతన్ని తీసుకుపోయింది. 2022లో మళ్లీ మూడో శ్రేణి. ఇన్ని ఎత్తుపల్లాల్లోనూ 2008లో వచ్చిన గోల్‌కీపర్ మార్టిన్ మెన్నెల్ ఇక్కడే ఉండిపోయి, ఈ జట్టుకు ఐదొందలకు పైగా మ్యాచ్‌లు ఆడాడు.

2016లో పాత స్టేడియాన్ని కూల్చి కొత్తది కట్టడం మొదలుపెట్టారు. అది పూర్తయ్యేదాకా ఆటను వేరే ఊరికి మార్చుకోవడం మామూలే. వీళ్లు మార్చలేదు. ఒక వైపు గ్యాలరీ కూలుస్తుంటే మిగతా వైపుల కూర్చున్నారు. కొత్తది లేవగానే అటు జరిగి, పాతదాన్ని కూల్చనిచ్చారు. 2018లో పని పూర్తయ్యేదాకా జట్టు ఆడింది ఆ లోయలోని అదే మైదానంలో.