ఏరియలు ఎత్తిన కథ

ఒకప్పుడు మన పల్లెలలో రేడియో ఉన్న ఇంటిని దూరము నుండియే గుర్తుపట్టగలిగేవారు. డాబా మీద రెండు వెదురుగడలు, వాటి నడుమ బిగించి కట్టిన రాగితీగ, ఆ తీగ నుండి కిటికీలోనికి దిగిన మరియొక తీగ. గడ ఎంత ఎత్తయితే పాట అంత బాగుగా వినవచ్చునని అందరికీ తెలుసు. ఎందుకని అడిగితే మాత్రము చెప్పగలవారు తక్కువ. ఆ ఎత్తు వెనుక పెద్ద చరిత్రయే ఉన్నది.

జర్మనీ దేశములోని కార్ల్స్‌రూహె నగరములో హైన్‌రిక్ హెర్ట్జ్ 1886 మొదలు 1888 వరకు చేసిన ప్రయోగాలలో విద్యుదయస్కాంత తరంగాలు ఉన్నవని నిస్సందేహముగా తేలినది. ఆయన వాడిన ఏరియలు బల్ల మీద పట్టునంతటిది. మధ్య చిన్న సందు విడిచి, ఇరువైపుల రెండు లోహపు కడ్డీలు అమర్చాడు. ఆ సందులో నిప్పురవ్వ ఎగసినపుడు తరంగాలు వెలువడేవి. అవి గది దాటి ఎంత దూరము పోగలవన్న ప్రశ్న హెర్ట్జ్‌కు ముఖ్యము కాలేదు.

ఆ ప్రశ్న పట్టుకొన్నవాడు ఇటలీ యువకుడు గుగ్లీల్మో మార్కొనీ. బొలోన్యా నగరము సమీపమున తండ్రి ఇంటిలో 1895లో ప్రయోగాలు చేస్తూ, రెండు కడ్డీలలో ఒకదానిని పైకి ఎత్తి, రెండవదానిని భూమిలో పాతాడు. రేకుడబ్బాను 2 మీటర్ల స్తంభము పై నిలిపితే సంకేతము 30 మీటర్లు పోయినది. 4 మీటర్లకు ఎత్తితే 100 మీటర్లు, 8 మీటర్లకు ఎత్తితే 400 మీటర్లు. విద్యార్థులు ఈ అంకెలను ఒకసారి పరికించవలెను. ఎత్తు రెట్టింపయినప్పుడెల్ల దూరము దాదాపు నాలుగు రెట్లగుచున్నది, అనగా దూరము ఎత్తు యొక్క వర్గమును బట్టి పెరుగుచున్నది.

భూమిలో పాతుట వలన ఏమి ఒరిగినది? కోనేటిలో గోపురము నీడ తలక్రిందుగా కనిపించును గదా. విద్యుత్తును బాగుగా ప్రవహింపనిచ్చు నేల, నిటారుగా నిలిపిన తీగకు అట్టి ప్రతిబింబమునే ఏర్పరచును. పైనున్నది సగము తీగ. మిగిలిన సగము నేల సమకూర్చిన నీడ. హెర్ట్జ్ రెండు కడ్డీలతో చేసిన పనిని మార్కొనీ ఒక కడ్డీతోను, భూమితోను చేయించాడు.

ఎత్తును ఇంతగా నమ్మినవాడు అట్లాంటిక్ మహాసముద్రమును దాటదలచినప్పుడు ఏమి చేస్తాడో ఊహింపవచ్చును. ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్‌లోని పోల్డూ అను చోట, కొండచరియ అంచున, 200 అడుగుల ఎత్తుగల 20 స్తంభములను 200 అడుగుల వ్యాసముగల వలయముగా నిలిపించాడు. వాటి తలల నుండి వందలకొలది తీగలు బోర్లించిన గరాటువలె నడిమికి దిగేవి. ప్రసారయంత్రమును లండను ఆచార్యుడు ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రూపొందించాడు. అమెరికా తీరమున కేప్‌కాడ్‌లో కూడ ఇటువంటి వలయమునే కట్టసాగారు.

కేప్‌కాడ్ పనికి వెళ్ళిన ఇంజనీరు వివియన్ ఈ నిర్మాణములోని లోపమును ముందుగనే పసిగట్టాడు. ప్రతి స్తంభమునకు వలయము వెలుపలికి లాగు మోకులు ఉన్నవి కాని, పక్కలకు ఒరగకుండ విడివిడిగా లాగి పట్టు మోకులు లేవు. స్తంభముల తలలనే ఒకదానితోనొకటి తీగలతో కలిపి, పక్క బలమును ఆ పొత్తుకే వదలివేశారు. ఒక్కటి ఒరిగితే ఇరుగుపొరుగులను కూడ లాగుకొని పోవును. పందిరి వేసే కూలి సైతము ప్రతి గుంజను దేనికదియే నిలబడునట్లు పాతుతాడు. ఒక గుంజను నమ్మి మరొకదానిని నిలపడు. వివియన్ ఆక్షేపణ చెల్లలేదు.

1901 సెప్టెంబరు 17న పోల్డూ మీద గాలివాన విరుచుకుపడినది. వలయము మొత్తము కూలినది. రెండు నెలలు గడవగానే, నవంబరు 25న, కేప్‌కాడ్ స్తంభములకు అదే గతి పట్టినది. ఒకే తప్పునకు రెండు తీరములలో రెండు శిక్షలు!

మరొకరైతే ప్రయత్నమును ఏడాదికి వాయిదా వేసేవారు. మార్కొనీ పోల్డూలో 150 అడుగుల స్తంభములు రెండు మాత్రమే పాతించి, వాటి నడుమ 54 తీగలను విసనకర్రవలె వ్రేలాడదీయించాడు. కెంప్, పాజెట్ అను సహాయకులు ఇద్దరితో నవంబరు 26న ఓడ ఎక్కి న్యూఫౌండ్లండ్ చేరాడు. సెంట్ జాన్స్ రేవు పైనున్న సిగ్నల్ కొండపై స్తంభము పాతుటకు వ్యవధి లేదు. అందుచేత బెలూనులు, గాలిపటములు వెంట తెచ్చాడు. డిసెంబరు 11న బెలూను గాలికి తెగిపోయినది. 12వ తేదీన మొదటి గాలిపటమును కూడ గాలి ఎగరగొట్టుకొని పోయినది. రెండవది మాత్రము దాదాపు 500 అడుగుల తీగను మోస్తూ సుమారు 400 అడుగుల ఎత్తున నిలిచినది.

నిలిచినది అనుటయే గాని, అది కుదురుగా లేదు. గాలిపటము లేచి పడినప్పుడెల్ల తీగకును నేలకును నడుమ విద్యుత్ ధారణశక్తి మారిపోవును. దానితో శ్రుతి చెడిపోవును. అందువలన శ్రుతి కూర్చిన గ్రాహకమును మార్కొనీ పక్కన పెట్టవలసి వచ్చినది. పాదరసము గల చిన్న నాళికను, చెవికి ఆనించు టెలిఫోనును నమ్ముకొన్నాడు. ఇటువంటి పాదరస సాధనమును జగదీశచంద్ర బోసు 1899లోనే రాయల్ సొసైటీకి వివరించియున్నాడన్నది మనము మరువరాదు. మధ్యాహ్నము పన్నెండున్నర ప్రాంతమున మూడు చిన్న చప్పుళ్ళు, అనగా మోర్స్ లిపిలో ‘ఎస్’ అక్షరము, వినవచ్చినట్లు మార్కొనీ చెప్పాడు. కెంప్ చెవికి కూడ అందినట్లు చెప్పాడు.

కాగితము మీద గుర్తు పడలేదు, విన్నది ఇద్దరే, అది పగటివేళ. ఆ తరంగాలు పగలు అంత దూరము పోవుట చాల కష్టమని నేడు తెలియును. ఆకాశములోని ఉరుముల గరగరనే వారు పొరబడి యుండవచ్చునని అనుమానించినవారు కలరు. ఆ అనుమానము నేటికిని తీరలేదు. 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఓడపై, కదలని స్తంభములకు కట్టిన ఏరియలుతో మార్కొనీ చేసిన పరీక్షలే గట్టి సాక్ష్యములు. రాత్రివేళ 1,550 మైళ్ళ వరకు వార్తలు కాగితపు పట్టీ మీద అచ్చుపడినవి. పగలు 700 మైళ్ళు దాటలేదు. దూరమును నిర్ణయించునది ఎత్తు ఒక్కటే కాదనియు, పైన వాతావరణములో తరంగాలను త్రిప్పి పంపు పొర ఏదో ఉన్నదనియు శాస్త్రజ్ఞులు ఆ ఏడాదియే తలపోశారు. ఆపిల్టన్ 1924లో దానిని రుజువు చేశాడు.

ఇక పోల్డూలో వలయమును తిరిగి కట్టలేదు. దాని స్థానములో నాలుగు కొయ్యగోపురములు, దేనికదియే నిలువగలవి, 200 అడుగులకు పైబడి లేచినవి.

భూమి సంగతి తేల్చుటకు మరి కొంతకాలము పట్టినది. ఎండిన నేల మంచి అద్దము కాదు. అమెరికాలో జార్జి బ్రౌన్, అతని సహచరులు స్తంభము అడుగున రాగితీగలను చక్రపుటాకులవలె పరచి కొలతలు తీశారు. ఆ ఫలితములను 1937లో ప్రకటించారు. పిమ్మట బ్రౌన్ నేలనే పైకి ఎత్తాడు. నిటారు కడ్డీ క్రింద అడ్డముగా కొన్ని కడ్డీలు కట్టితే, ఆ ఏరియలు ఎంత ఎత్తున ఉన్నను తన నేలను తనతోనే తీసికొనిపోవును. అడ్డకడ్డీలు రెండు చాలునని బ్రౌన్ లెక్క. రెండింటితో అన్ని దిక్కులకు ప్రసారము జరుగునంటే కొనువారు నమ్మరని అమ్మకపు శాఖవారు భావించుటచే నాలుగు పెట్టారట. నేటికిని అటువంటి వాటికి నాలుగే కనిపించుట దీనివలననే.

అమెరికా ప్రభుత్వము 1958లో సామాన్య ప్రజల సంభాషణలకై 27 మెగాహెర్ట్జ్ ప్రాంతమును కేటాయించినప్పుడు, ఇండ్లపై వెలసిన ఏరియళ్ళలో ఈ రకము చాల వాడుకలోనికి వచ్చినది. తరంగము పొడవు 11 మీటర్లు. అందులో నాలుగవ వంతు కడ్డీకి చాలును, అనగా 2.7 మీటర్లు. అడ్డకడ్డీలను క్రిందికి వంచితే ఏరియలు నిరోధము 50 ఓములకు చేరువై కేబులుతో పొందిక కుదురును. వంచకుండ విడిచితే అది 36 ఓముల దగ్గరనే ఉండి, కొంత శక్తి యంత్రమునకు తిరిగివచ్చును. ఇటువంటి ఏరియలు కొన భూమికి 60 అడుగులు మించరాదని, లేదా ఏ కట్టడముపై నిలిపినారో దానికి 20 అడుగులు మించరాదని అక్కడి నిబంధన.

1970 తరువాత ఈ సరదా ఇంటింటికి ప్రాకినది. పోల్డూలో కూలినవి కొయ్యలు, తీగలు మాత్రమే. ఇక్కడ ప్రాణములు పోయినవి. లోహపు గడను ఇద్దరు ముగ్గురు పట్టుకొని ఎత్తుచుండగా అది వాలి, పైనున్న కరెంటు తీగకు తగిలేది. పట్టుకొన్న వారందరి ఒంటి మీదుగా విద్యుత్తు భూమిలోనికి దిగేది. ఏరియలుపైనను, స్తంభముపైనను హెచ్చరిక చీటీ తప్పనిసరి అని అక్కడి ప్రభుత్వ సంస్థ 1978లో శాసించినది. చీటీ చదువువారు తక్కువ కాబట్టి కాబోలు, కరెంటు తీగకు తగిలినను పట్టుకొన్న వానికి ప్రాణాంతకమైన విద్యుత్తు రాకుండ ఏరియలును విద్యున్నిరోధక పదార్థముతో కప్పవలెనని 1982లో మరియొక ప్రమాణమును ఏర్పరచినది.