డిస్కులో ఇమిడిన దృశ్యం

దక్షిణ ఢిల్లీలోని మునిర్కా ఒకనాటి గ్రామం. నగరం దానిని చుట్టుముట్టిన తరువాత, పొరుగునే జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం వెలసింది. ఆ ప్రాంగణాన్ని దాటి అరుణా అసఫ్ అలీ మార్గానికి చేరితే, విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 1993లో నెలకొల్పిన విద్యా ప్రసార కేంద్రం, సి.ఇ.సి., కనిపిస్తుంది. అంతకు తొమ్మిదేళ్ళ ముందే, 1984 ఆగస్టు 15న, ఇన్సాట్-1బి ఉపగ్రహం ఆధారంగా దూరదర్శన్‌లో ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ ప్రసారాలు మొదలయ్యాయి. పాఠాలను చిత్రించిన కేంద్రాలలో హైదరాబాదులోని సీఫెల్, అనగా నేటి ఇఫ్లూ, కూడా ఒకటి.

ఆ తరం పాఠాలు యు-మాటిక్, బీటాకామ్ వంటి టేపులపై నిలిచాయి. టేపుకు ఆయుర్దాయం పరిమితం. పూతను పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమకు చెడుతుంది. టేపు బాగున్నా, దానిని ఆడించే యంత్రం దొరకని రోజు వస్తుంది. అందుచేత దృశ్యాన్ని డిస్కు పైకి ఎక్కించడం అనివార్యమైంది. ఎంత నాణ్యతతో ఎక్కించాలన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

వీడియో సి.డి. ప్రమాణం 1993లో వచ్చింది. 1982లో పాటల కోసం వెలువడిన కాంపాక్ట్ డిస్కులోనే 74 నిమిషాల చలనచిత్రాన్ని ఇమడ్చడం దాని ఆశయం. పాటకు సెకనుకు సుమారు 14 లక్షల బిట్లు పట్టే చోట, బొమ్మకు 11.5 లక్షలు, ధ్వనికి 2.24 లక్షలు కేటాయించారు. చిత్రపు కొలత 352 గీటులు వెడల్పు, 288 ఎత్తు. టెలివిజన్ గీతలలో సగం ఇక్కడే పోయాయి. మరికొంత చోటు కోసం, దోషాలను సవరించే అదనపు సమాచారాన్ని కూడా తగ్గించారు. గీత పడిన వీడియో సి.డి. తడబడడానికి ఇదొక కారణం.

ఈ పొదుపు అన్ని దృశ్యాలనూ ఒకే తీరున బాధించలేదు. ఎంపెగ్ పద్ధతి ముందు చట్రంతో పోల్చి మారిన భాగాన్నే నమోదు చేస్తుంది. కదలక నిలిచి బోధించే ఆచార్యునికి అది చాలు. కూచిపూడి నర్తకి పాదాలు వేగమందుకోగానే బొమ్మ చదరపు ముక్కలుగా చెదిరిపోతుంది. నల్లబల్లపై రాసిన తెలుగుకూ ఇబ్బంది తప్పలేదు. ఒత్తులు, దీర్ఘాలు అలుక్కుపోతే ‘క’ ఏదో ‘క్క’ ఏదో తెలియదు. రోమన్ అక్షరాలకు చాలిన కొలత మన లిపికి చాలదన్న సంగతిని ప్రమాణకర్తలు ఆలోచించి ఉంటారనుకోలేము.

1996లో జపానులో విడుదలైన డి.వి.డి. ఆ ఇరుకును చాలావరకు తొలగించింది. 720 గీటులు వెడల్పు, 576 ఎత్తు, బొమ్మకు సెకనుకు గరిష్ఠంగా 98 లక్షల బిట్లు. అయితే గరిష్ఠం వేరు, దక్కేది వేరు. 184 నిమిషాల ‘మాయాబజార్’ (1957)ను 4.7 జి.బి. డిస్కులో పెట్టదలచిన వారికి సెకనుకు దాదాపు 34 లక్షలే దక్కుతాయి. అందులో ధ్వనిని సంపీడనం చేయక యథాతథంగా ఉంచితే 15 లక్షలు దానికే పోతాయి. కనుక ధ్వనిని కుదించి, బొమ్మను రెండుమార్లు నడిపించి, మొదటిసారి కొలిచి, రెండవసారి అవసరమున్న చోట ఎక్కువ బిట్లు వెచ్చించే పద్ధతి వాడుకలోకి వచ్చింది. అదే చిత్రం వీడియో సి.డి.లో మూడు డిస్కులు కోరుతుంది.

మరొక చిక్కు శ్రుతికి సంబంధించినది. సినిమా సెకనుకు 24 చట్రాలతో నడుస్తుంది; మన టెలివిజన్ పాల్ పద్ధతి 25తో. వేగం పెంచి సరిపెడితే మూడు గంటల చిత్రం ఏడు నిమిషాలకు పైగా తగ్గుతుంది. ఘంటసాల గొంతు ముప్పావు అరస్వరం మేర పైకి లేస్తుంది. శ్రుతిని వెనక్కు దించే సాధనాలు ఉన్నా, ఆ శ్రమ పడినవారు తక్కువే.

చౌక డిస్కుల యుగమూ ఢిల్లీ పరిసరాలలోనే సాగింది. 1983లో స్థాపితమైన మోజర్ బేర్ సంస్థ నోయిడా, గ్రేటర్ నోయిడాలలో డిస్కులు తయారు చేసి, 2007 నాటికి తెలుగుతో సహా పలు భాషల చిత్రాలను వీడియో సి.డి. 28 రూపాయలకు, డి.వి.డి. 34 రూపాయలకు అమ్మింది. సామాన్యుని ఇంటికి సినిమా అంత చవకగా చేరడం చిన్న విషయం కాదు. 2018లో ఆ సంస్థను మూసివేయవలసినదిగా ఆదేశం వెలువడేనాటికి డిస్కు కాలమే ముగిసింది.

ప్రదర్శనకు పనికివచ్చే ప్రతి వేరు, భద్రపరచదగిన ప్రతి వేరు. కొన్ని నిల్వగదులలో ఈ భేదం మరుగున పడి, డిస్కు తయారు కాగానే టేపును భారంగా భావించారు. నేటి భాండాగారాలు ఏమీ నష్టపోని ఎఫ్.ఎఫ్.వి.1 వంటి పద్ధతులను ఎంచుకుంటున్నాయి. అయినా ఒకసారి 352 గీటులకు కుదించిన బొమ్మను ఏ పద్ధతీ తిరిగి విప్పలేదు. పాత డిస్కును యంత్రంలో పెడితే దాని కొలతలు, బిట్ల వేగం ఫైలు తలకట్టులో నేటికీ చదవవచ్చు. ఏ టేపు నుండి తీశారన్నది మాత్రం అందులో ఉండదు. దానికి డిస్కు డబ్బాపై ఎవరో సిరాతో రాసిన చీటీయే ఆధారం.